పురుడు ఇంట్లోనే అయినా ఆసుపత్రి డబ్బు చేతిలో ఉండాలి

ప్రశ్న: మాది విశాఖ, మధురవాడ. నా వయసు 31. రుషికొండలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 58,000 వస్తుంది. మా ఆవిడ స్కూల్లో టీచరుగా చేసేది, ఆరో నెలలో మానేసింది. ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. ఇంట్లోనే పురుడు పోసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. నర్సింగ్ చదివి, మిడ్‌వైఫ్‌గా శిక్షణ పొందిన ఆమెతో మాట్లాడుకున్నాం. ప్యాకేజీ 90,000, అందులో 30,000 ఇచ్చేశాం. సీమంతానికి 80,000 అవుతుంది. బ్యాంకులో 85,000 ఉంది, దాంతో బెడ్‌రూమ్‌కు ఏసీ, మంచం, బిడ్డ సామాన్లు కొందామని. మిగతా ఖర్చులకు యాప్‌లో 1,50,000 లోన్ తీసుకుందామనుకుంటున్నాను. 36 నెలలు, నెలకు 1.5 శాతం ఫ్లాట్. ఆసుపత్రికి అయ్యే 1,20,000 ఎలాగూ మిగులుతుంది కాబట్టి లోన్ తొందరగానే తీర్చేస్తాను. మిడ్‌వైఫ్ బిల్లు ఆఫీసు ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చా? నెల ఖర్చులు: అద్దె 14,000, బైక్ ఈఎంఐ 4,200, రిజిస్టర్డ్ కంపెనీలో లక్ష రూపాయల చీటీకి 5,000 (20 నెలలకు 13 కట్టాను, ఇంకా పాడలేదు), ఇంటి ఖర్చు 22,000. వచ్చే నెల వేరే కంపెనీలో చేరే అవకాశం కూడా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. 'ఆసుపత్రికి అయ్యే 1,20,000 ఎలాగూ మిగులుతుంది' అన్నారు. మిగలదండీ. ఇంట్లో పురుడు అనుకున్న చాలామంది భర్తలు ఇదే లెక్క వేసుకుంటారు. ఆసుపత్రి ఖర్చును తీసేసి ఆ చోట మిడ్‌వైఫ్ ఖర్చు రాసుకుంటారు. నిజానికి మీ చేతిలో ఉండాల్సింది రెండు ఖర్చులకూ సరిపడా డబ్బు. మొదటిది తప్పకుండా అయ్యేది, రెండోది అవసరం పడొచ్చు. ఆ రెండోది అర్ధరాత్రి రెండు గంటలకు, గంట ముందు కూడా చెప్పకుండా రావచ్చు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఇంగ్లండ్‌లో దీన్ని లెక్కగట్టి చూశారు. అక్కడ 2011లో వెలువడిన బర్త్‌ప్లేస్ అధ్యయనం ఏ సమస్యా లేని, రిస్కు తక్కువున్న గర్భిణులనే తీసుకుంది. వారిలో ఇంట్లోనే కనాలని అనుకున్న తొలి చూలు తల్లుల్లో 100కి 45 మందిని కాన్పుకు ముందో, అయిన వెంటనే ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. రెండో కాన్పు, ఆ పై కాన్పుల వారిలో 12 మందిని. అన్నీ ప్రాణం మీదకు వచ్చినవి కావు. నొప్పులు సాగకపోవడం, నొప్పి తగ్గే మందు కావాలనుకోవడం లాంటి కారణాలే ఎక్కువ. అయినా ఆసుపత్రి ఆసుపత్రే. పైగా అక్కడి మిడ్‌వైఫ్‌లు ప్రభుత్వ వైద్య వ్యవస్థలో భాగం, ఆసుపత్రికి చేరిన తల్లిని ఎవరూ అడ్వాన్స్ అడగరు. మీరు చేరేది ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గరికి. తొలి కాన్పు ఇంట్లో అన్నది మీ డాక్టర్, మీ మిడ్‌వైఫ్, మీ ఆవిడ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. బీపీ, షుగర్, కవలలు, బిడ్డ అడ్డం తిరగడం లాంటివి ఏవైనా ఉంటే ఇంట్లో కాన్పు ఆలోచనే వదిలేయాలి. నాకు తెలిసింది డబ్బు సంగతి. 100లో 45 సార్లు జరిగేదాన్ని 'అనుకోని ఖర్చు' అని నేను అనలేను.

ఇక ఆ లోన్. నెలకు 1.5 శాతం ఫ్లాట్ అంటే చిన్నగా కనబడుతుంది. 1,50,000 మీద మూడేళ్లకు వడ్డీ 81,000. ఈఎంఐ 6,417. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే వేస్తారు. అందుకే అసలు రేటు ఏడాదికి 30 శాతం దాటుతుంది. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పట్టుకున్నారంటే మీ ఖాతాలో పడేది 1,45,000 లోపే. లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోన్ షరతులు, ఖర్చులు అన్నీ ఒకచోట రాసిన కాగితం, చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు రేటు) అన్న చోట ఏ అంకె ఉందో చూడండి. చూశాక కూడా తీసుకోవాలనిపిస్తే నాకు మళ్లీ రాయకండి. సీమంతానికి 30 శాతం వడ్డీకి అప్పు చేయమని చెప్పే సలహాదారు నేను కాదు. సీమంతం రోజు వచ్చే చుట్టాల్లో ఒక్కరైనా ఆ ఈఎంఐ కడతారా?

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఇప్పుడు మీకు నెలకు మిగులుతున్నది 12,800. లోన్ తీసుకుంటే అది 6,400 లోపుకు పడిపోతుంది, అదీ ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు, మీ ఆవిడ జీతం లేనప్పుడు. ఆ స్థితిలో సిజేరియన్ అవసరమైతే రెండో అప్పు కోసం ఎవరి దగ్గరికి వెళతారు? అప్పు పుట్టే అవకాశం కూడా ఒక ఆస్తే, దాన్ని భోజనాలకు, ఏసీకి ఖర్చు పెట్టేస్తున్నారు.

అప్పు లేకుండానే మీ లెక్క కుదురుతుంది, చూడండి. బ్యాంకులో 85,000 ఉంది. రెండు నెలల మిగులు 25,600. మూడోది మీ చీటీ. ఈ నెలే పాడండి. 13 కట్టి, ఏడే మిగిలి ఉన్నాయి కాబట్టి పోటీలో 10,000 వదులుకున్నా 90,000 చేతికొస్తుంది. పాడుకున్నాక ష్యూరిటీ అడుగుతారు, జీతం సర్టిఫికెట్లు, జామీను సంతకాలు అన్నీ అయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది, అందుకే తొమ్మిదో నెల దాకా ఆగొద్దు. మొత్తం దాదాపు 2,00,000. మిడ్‌వైఫ్‌కు ఇవ్వాల్సిన 60,000, ఇంట్లోనే అత్తగారు, మీ అమ్మగారు, దగ్గరివాళ్లతో గాజులు తొడిగి చేసుకునే సీమంతానికి 15,000 తీసేస్తే సుమారు 1,25,000 మిగులుతుంది. ఇదే మీ ఆసుపత్రి నిధి. ఏసీ, మంచం వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. బారసాలకు బిడ్డ సామాన్లు ఎలాగూ వస్తాయి.

ఈ నిధి ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి బ్రాంచికి వెళ్లి రద్దు చేసుకోవాల్సి వస్తే ఆదివారం రాత్రి అది కాగితమే. లిక్విడ్ ఫండ్‌లో (కొద్దికాలానికి డబ్బు దాచుకునే మ్యూచువల్ ఫండ్) పెట్టినా వెంటనే తీసుకోగలిగేది రోజుకు 50,000 వరకే, మిగతాది మరుసటి పని దినానికి గానీ రాదు. కాబట్టి డబ్బంతా సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. ఈ రెండు నెలలకు వడ్డీ గురించి ఆలోచించొద్దు. యూపీఐ మామూలు పరిమితి రోజుకు లక్ష. ఆసుపత్రులకు 5 లక్షల దాకా అనుమతి ఉన్నా, మీ బ్యాంకు, ఆ ఆసుపత్రి రెండూ దానికి ఒప్పుకుంటున్నాయో లేదో ముందే కనుక్కోండి. డెబిట్ కార్డు స్వైపింగ్ పరిమితి యాప్‌లో పెంచుకోండి. 10,000 నోట్లుగా ఇంట్లో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ సమయంలో మీరు మీ ఆవిడ చెయ్యి పట్టుకొని లోపల ఉంటారు, కౌంటర్ దగ్గర నిలబడేది మీ తమ్ముడో, మామగారో. వారి ఖాతాకు 50,000 తొమ్మిదో నెల మొదట్లోనే పంపేయండి. మీ ఫోన్ పిన్ మీకొక్కరికే తెలిసి, ఆ ఫోన్ మీ జేబులో ఉంటే బయట వాళ్లు ఏం చేయగలరు?

ఇన్సూరెన్స్ సంగతి. మిడ్‌వైఫ్ బిల్లుకు క్లెయిమ్ రాదనే అనుకోండి. పాలసీల్లో ప్రసూతి ఖర్చు అంటే మామూలుగా ఆసుపత్రిలో చేరి చేయించుకున్న కాన్పే. మీ కంపెనీ పాలసీ పుస్తకం తెరిచి మూడు సంగతులు వెతకండి. మామూలు కాన్పుకు, సిజేరియన్‌కు విడివిడిగా ఎంత పరిమితి ఉంది? పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా? ఉంటే ఆ ఖర్చు ప్రసూతి పరిమితి లోపలే పడుతుందా, కుటుంబం మొత్తానికి ఉన్న బీమా మొత్తం (సమ్ ఇన్సూర్డ్) నుంచి వస్తుందా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. బిడ్డను ఎన్ఐసీయూలో (పసిబిడ్డల అత్యవసర వార్డు) వారం ఉంచాల్సి వస్తే అన్నిటికంటే పెద్ద బిల్లు అదే. ప్రసూతి పరిమితి 60,000 అయి, బిడ్డ ఖర్చు కూడా అందులోనే అంటే మీ నిధి 1,25,000 కూడా చాలకపోవచ్చు. అప్పుడు అవసరం పడితే తాకట్టు పెట్టడానికి బంగారం ఏది, ఏ బ్యాంకుకు వెళ్లాలి అన్నది ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. తాకట్టు మాత్రం ఇప్పుడే పెట్టొద్దు.

ఇప్పుడు ఉద్యోగం మారతారా? బిడ్డ పుట్టి నెల దాటేవరకు వద్దు. చివరి పనిదినంతోనే గ్రూప్ పాలసీ పోతుంది. కొత్త కంపెనీ పాలసీలో ప్రసూతికి వెయిటింగ్ పీరియడ్ (చేరాక కొన్నాళ్లు ఆగితేనే క్లెయిమ్ వచ్చే షరతు) ఉంటే మీ చేతిలో ఏమీ ఉండదు. జాయినింగ్ తేదీ వెనక్కి జరపమని అడగండి. కొంత జీతం పెరుగుదల కోసం ఈ రెండు నెలల్లో కవర్ పోగొట్టుకోకండి.

మిడ్‌వైఫ్‌తో మిగతా 60,000 గురించి కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఫీజులో ఎంత వాపసు ఇస్తారు? ఆమె మీతో ఆసుపత్రికి వస్తారా? అదే రోజు ఇంకో కాన్పు ఉంటే ఎవరు వస్తారు? డబ్బు మొత్తం ముందే అడిగితే కనీసం మూడో వంతు కాన్పయ్యాక చేసే పరామర్శలకు ఆపి ఉంచండి. మంచి మిడ్‌వైఫ్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, తరలించే ఏర్పాటు గురించి ఆమే ముందు మాట్లాడతారు. మాట్లాడకపోతే ఆమెను మార్చండి, ఇచ్చిన 30,000 పోయినా సరే.

ఈ వారమే చేయాల్సిన పని, మధురవాడకు దగ్గరలో మీ పాలసీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రిలో పేరు నమోదు చేయించి, స్కాన్లు, రక్త పరీక్షలు అక్కడి ఫైల్లో పెట్టించండి. ఎవరూ చూడని కేసును అర్ధరాత్రి తీసుకెళ్తే ప్రైవేటు ఆసుపత్రులు వెనకాడతాయి, మొత్తం అడ్వాన్సు అడుగుతాయి. ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లు నేరుగా కట్టే క్యాష్‌లెస్ అనుమతి వచ్చేదాకా డిపాజిట్ కట్టమనడం మామూలే. ప్రభుత్వాసుపత్రిలో కార్డు కూడా చేయించుకోండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), పాతబస్తీలోని ఘోషాసుపత్రి రెండూ మీకు దూరమే. హనుమంతవాక ట్రాఫిక్ దాటి వెళ్లాలి, కాబట్టి అవి మీ రెండో దారి. 108కి డబ్బు అక్కర్లేదు, కానీ అదొక్కటే నమ్ముకోకుండా కారున్న పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి.

ఇంట్లో పుట్టిన బిడ్డ జననాన్ని ఆసుపత్రి నమోదు చేయదు, 21 రోజుల్లోగా విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి మీరే తెలియజేయాలి. బిడ్డ పేరు పాలసీలో చేర్చమని పుట్టిన రోజే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి, చాలా కంపెనీల్లో దీనికి గడువు 30 రోజులే. సర్టిఫికెట్ ఆలస్యమైతే ఆ గడువు కూడా దాటిపోతుంది. చీటీ పాట తేదీ ఎప్పుడో ఈ రోజే ఫోన్ చేసి కనుక్కోండి.