తర్వాత ఏ పాట వస్తుందో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లిలో ఫ్లాట్, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్, ఫిబ్రవరి 14 రాత్రి ఇద్దరికే ఇంట్లో భోజనం. బిర్యానీ బయటి నుంచి తెప్పిస్తారు. మీ ఆవిడకి ఇళయరాజా పాటలు ప్రాణం, మీకు సిద్ శ్రీరామ్ పాటలు తప్ప పెద్దగా తెలియవు. 7 గంటల నుంచి రెండున్నర గంటలకి మూడ్ కుదిరేలా ఏం పెట్టాలి అని. పాటలు చెప్తాను. అయితే ఇలాంటి సాయంత్రాలు మంచి పాట దొరక్క చెడినవి తక్కువ. మంచి పాట అయిపోగానే వచ్చిపడే పాటతోనే ఎక్కువ చెడతాయి.

మొదట సాహిత్యం వినండి. ట్యూన్ తియ్యగా ఉంది కదా, పేరులో ‘ప్రియా’ ఉంది కదా అని లిస్టులో పడేస్తే దెబ్బ తింటారు. ‘ఓ ప్రియా ప్రియా’ అని వెతికితే కనీసం రెండు పాటలు తగులుతాయి. 2012 ‘ఇష్క్’లోది అద్నాన్ సామీ, నిత్యా మీనన్ పాడిన సరదా పాట. 1989 ‘గీతాంజలి’లోది ఎడబాటు పాట, గాలిమేడలు కూలిపోయిన వాళ్లు పాడుకునేది. ఫోన్‌కి నోటితో చెప్పి పెట్టించుకుంటే ఏది మొదలవుతుందో దాని ఇష్టం. ‘గీతాంజలి’లో మీకు పనికొచ్చేది ‘ఓం నమహా’. గుండె చప్పుడుతో మొదలవుతుంది. ఆ చప్పుడు ఫోన్ స్పీకర్‌లో అసలు తెలియదు, కాస్త బేస్ ఉన్న స్పీకర్‌లోనే అందం.

‘జాబిల్లి కోసం ఆకాశమల్లే’ (మంచి మనసులు, 1986) గురించి చాలామంది పొరబడతారు. అది ఎదురుచూపు పాట. మనిషి ఎదురుగా కూర్చుని రైతా కలుపుకుంటుంటే నీ రాక కోసం వేచానని వినిపించడం అతకదు. ఆవిడ ఆఫీసు నుంచి రాకముందు, మీరొక్కరే ప్లేట్లు సర్దుతున్నప్పుడైతే అంతకన్నా తగిన పాట లేదు. ‘ప్రియతమా నీవచట కుశలమా’ (గుణ, 1991) సంగతి వేరు. పాట మధ్యలో ఉత్తరం చెప్పి రాయించుకునే మాటలుంటాయి. ఇద్దరూ మాట్లాడుకుంటున్నప్పుడు ఆ మాటలు మూడో మనిషి వచ్చి కూర్చున్నట్టు అడ్డం పడతాయి. భోజనాలయ్యాక, వినడానికే కూర్చున్నప్పుడు వెయ్యండి. సినిమాలో అతను ఆ అమ్మాయిని ఎత్తుకొచ్చి ఉంచాడన్న సంగతి మాత్రం ఆ రాత్రికి గుర్తు చెయ్యకండి.

‘రావోయి చందమామ’ (మిస్సమ్మ, 1955) పెడదామనుకుంటే ఒక మాట. మొగుడూ పెళ్లాల్లా నటిస్తున్న ఇద్దరు చంద్రుడి దగ్గర ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చెప్పుకునే పాట అది. పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లకి నా దృష్టిలో దానికి మించిన ప్రేమపాట లేదు. కొత్త జంటకి అవసరం లేదు.

ఇక ఆల్బమ్‌కి ఆల్బమ్ పెట్టేయడం రెండో తప్పు. సినిమా ఆల్బమ్ కథని బట్టి కడతారు కాబట్టి ప్రేమ పాట పక్కనే ఏడుపు పాట కాచుకుని ఉంటుంది. ‘కొత్త బంగారు లోకం’లో ‘నిజంగా నేనేనా’ కోసం వెళ్తే ‘నీ ప్రశ్నలు నీవే’ కూడా వస్తుంది. ఎంత గొప్ప పాటైనా బిర్యానీ ముందు జీవితం గురించి ఆ ప్రశ్నలెందుకు? ‘సఖి’లో ‘పచ్చందనమే’ ఉంది, ‘కలలై పోయెను’ కూడా ఉంది. కొత్త పాటల్లో ఇంకో చిక్కు: హిట్టయిన పాటకే ‘సాడ్ వెర్షన్’, ‘రిప్రైజ్’, ‘లోఫై’ అని నాలుగైదు రూపాలు ఉంటాయి. వెతికినప్పుడు ఏది పైన కనపడితే దాన్నే నొక్కేస్తాం. ప్రతి పాటనీ విడిగా ఎంచి, పేరు కింద చిన్న అక్షరాలు చదివి, పల్లవి, చివరి చరణం పూర్తిగా విని అప్పుడు చేర్చండి. పల్లవిలో మురిపెం పోయి రెండో చరణంలో విరహంలోకి దిగే పాటలు మనకి తక్కువేం కాదు.

లెక్కకొద్దాం. రెండున్నర గంటలంటే 150 నిమిషాలు. పాటకి సగటున నాలుగున్నర నిమిషాలు వేసుకుంటే 33 పాటలు. యాభైల నాటివి పొట్టిగా ఉంటాయి, అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. ఈ 33 పాటల్నీ ఒకే వరసలో పెట్టొద్దు. మూడు వేరే వేరే ప్లేలిస్టులు చెయ్యండి. ఎందుకంటే ఆ రాత్రి బిర్యానీ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒకటే వరస అయితే ఆర్డర్ అరగంట ఆలస్యమైందంటే, తినేటప్పటికి అనుకున్నవి ఆకలితో కూర్చున్నప్పుడే అయిపోతాయి. భోజనం తర్వాతివి ఎముకలు ఏరుకుంటున్నప్పుడు వస్తాయి.

మొదటి ప్లేలిస్టు ఆవిడ వచ్చి, మొహం కడుక్కుని, కాసేపు ఇటూ అటూ తిరిగే టైమ్‌కి. నికరంగా 40 నిమిషాలే కావాలి, కానీ ఆలస్యానికి కలుపుకుని 14 పాటలు పెట్టండి. ఇక్కడ నడక ఉన్న పాటలు నప్పుతాయి, మీ తరం పాటలకి కూడా ఇదే చోటు: ‘ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే’, ‘నీలి నీలి ఆకాశం’, ‘సామజవరగమన’. అయితే ఈ మూడూ సిద్ శ్రీరామ్ పాడినవే. ఒకే గొంతు వరసగా మూడు పాటలు వినిపించిందంటే నాలుగోది ఏ పాటో కూడా పట్టించుకోరు. మధ్యలో ఆడ గొంతుతో మొదలయ్యేది గానీ, పాతది గానీ ఒకటి దూర్చండి.

పాతవీ కొత్తవీ కలపడంలో ఒక కిటుకు చెప్తాను. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ (మాయాబజార్, 1957), ‘నిన్ను కోరి వర్ణం’ (ఘర్షణ, 1988) ఒకదాని వెనక ఒకటి వేసి చూడండి. మధ్య 31 ఏళ్ల తేడా ఉంది, ఒకటి పడవలో నిదానంగా సాగేది, రెండోది చకచకా పరిగెత్తేది. రెండూ మోహన రాగమే కాబట్టి చెవికి కుదుపు తెలియదు. రాగాలు తెలియకపోయినా ఫరవాలేదు, మొదటి పాట ఆగగానే దాని పల్లవి కూనిరాగం తీస్తూ రెండోది మొదలెట్టండి. గొంతు తడబడకుండా అందులోకి జారిందంటే ఆ జత కుదిరినట్టే.

రెండో ప్లేలిస్టు భోజనానికి, 45 నిమిషాలు, 10 పాటలు. చాలామంది తమ బెస్ట్ పాటలన్నీ ఇక్కడే తగలేస్తారు. తినేటప్పుడు మాట్లాడుకుంటారు కదా, వచ్చిన భాషలో పాట వినపడుతుంటే చెవి సగం అటే పోతుంది. మీ మాట ఆవిడ వినదు, పాట మీరు వినరు. అందుకని ఇక్కడ వీణ, వేణువు, గిటార్ మీద వాయించినవి పెట్టండి. పాట ఉండి తీరాలంటే ఇంకో ఉపాయం ఉంది. ‘ఏ మాయ చేశావే’ (2010) పాటలు ఇద్దరికీ కంఠతా వచ్చుంటాయి, అవే ట్యూన్లు తమిళ ‘విన్నైతాండి వరువాయా’లో ఉన్నాయి. తమిళం రాకపోతే అవి వేసుకోండి. ట్యూన్ తెలిసిందే, మాటలు మాత్రం పట్టి లాగవు.

ఇళయరాజా పాటల్ని భోజనం దగ్గర ఎందుకు వద్దంటానంటే, చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి. గొంతుకి సరిపోయేలా వాల్యూమ్ పెడితే అక్కడ గది నిండిపోతుంది, వయొలిన్లకి సరిపెడితే గొంతు వినపడదు. శ్రద్ధగా వినేవాళ్లకి అదే సంబరం, చెంచా చేతిలో ఉన్నవాళ్లకి చిరాకు.

మూడో ప్లేలిస్టుకే అసలు పాటలు దాచుకోండి. ప్లేట్లు తీసేశాక, లైటు తగ్గించాక, 65 నిమిషాలు. ‘మాటే మంత్రము’ (సీతాకోక చిలక, 1981) పెళ్లి ఆశీర్వచన మంత్రంతో మొదలవుతుంది, మొగుడూ పెళ్లాలకి అదే మొదటి పాటగా పెట్టండి. దాని తర్వాత ‘మౌనమేలనోయి’ (సాగర సంగమం, 1983), ‘ఓం నమహా’, ‘వింటున్నావా’. హైదరాబాద్‌లో ఉండి ఉర్దూ పాట ఒక్కటైనా లేకపోతే వెలితి. 1982 ‘బజార్’లో ‘ఫిర్ ఛిడీ రాత్ బాత్ ఫూలోం కీ’ రాసింది మన హైదరాబాద్ కవి మఖ్దూమ్ మొహియుద్దీన్, లతతో కలిసి పాడిన తలత్ అజీజ్ అయితే ఈ ఊళ్లోనే పుట్టినాయన. రాత్రి, పూలు తప్ప ఇంకో గొడవ లేని పాట. అక్కడా ఆల్బమ్ జోలికి పోకండి, పక్కనే ‘దేఖ్ లో ఆజ్ హమ్ కో జీ భర్ కే’ ఉంది. అది వింటే ఇద్దరూ కళ్లు తుడుచుకోవడమే.

ఈ చివరి భాగంలో 14 పాటలు కావాలని లెక్క వస్తుంది గానీ 10 చాలు. నచ్చినదాన్ని రెండోసారి వేయమంటారు, ఆ చోటు వదలండి.

ఇప్పుడు యంత్రం సంగతి, ఎక్కువ గొడవలు ఇక్కడే. యాప్‌లో ‘ఆటోప్లే’ ఆపండి, లేదంటే మీ లిస్టు ముగిశాక దానికి తోచింది వాయిస్తుంది. షఫుల్ ఆపండి. 1980ల రికార్డింగ్ మెల్లగా, 2020ది గట్టిగా వినిపిస్తుంది కాబట్టి సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చెయ్యండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతది మొదలయ్యే సెట్టింగ్) ఉంటే 3 సెకన్లు మించొద్దు. ఎక్కువ పెడితే ‘ఓం నమహా’ మొదట్లో గుండె చప్పుడు ముందు పాట తోక కింద నలిగిపోతుంది. డబ్బు కట్టని యూట్యూబ్ వద్దు. యాడ్లు ఒకటి, స్క్రీన్ ఆపితే పాట ఆగిపోవడం ఇంకోటి.

పాటలన్నీ ముందు రోజే డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చెయ్యండి. కరెంటు పోయి వైఫై పోయినా పాట ఆగదు, మేనేజర్ ఫోన్ స్పీకర్‌లో మోగదు. ఆర్డర్ తెచ్చే అబ్బాయి కాల్ ఆవిడ ఫోన్‌కి వచ్చేలా నంబర్ ఇవ్వండి, లేదా బిర్యానీ చేతికొచ్చాకే ఈ పని చెయ్యండి. అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది: ఆవిడ ఫోన్ కూడా ఎప్పుడో ఆ స్పీకర్‌కి కలిపి ఉంటుంది. ఒకేసారి రెండు ఫోన్లు పట్టే స్పీకర్ అయితే, ‘మౌనమేలనోయి’ మధ్యలో ఆవిడ ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన వీడియో తెరిచారంటే పిన్నిగారి గుడ్‌నైట్ భక్తిగీతం హాల్లో మోగుతుంది. ఆ రాత్రికి ఆవిడ ఫోన్‌లో బ్లూటూత్ ఆపెయ్యమనండి.

స్పీకర్ గది మూలలో పెడితే బేస్ ఉబ్బుతుంది, గోడ అవతలి వాళ్లకి డబడబలే వెళ్తాయి. గాజు టీపాయ్ మీద పెడితే అది గీపెడుతుంది. మీరు కూర్చునే చోటికి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో, చెవి ఎత్తున, చెక్క అల్మారా మీద, కింద మడతపెట్టిన టవల్ వేసి ఉంచండి. వాల్యూమ్‌కి కొలత చిన్నది: భోజనాల బల్ల దగ్గర కూర్చుని మామూలు గొంతుతో ‘ఆ పెరుగు ఇటివ్వు’ అనండి. ‘ఏంటీ?’ అని వస్తే ఎక్కువైనట్టు. మామూలు మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, తినేటప్పుడు పాట 50 దాటకపోతే చాలు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరుకి పెంచిన వాల్యూమ్ ఫ్యాన్ ఆపాక తగ్గించడం మర్చిపోకండి.

టెర్రస్ మీద అనుకుంటే ఫిబ్రవరి గాలి బాగానే ఉంటుంది, ఆరున్నరకి చీకటి పడుతుంది. కానీ మాఘమాసం ముహూర్తం ఉందంటే దగ్గర్లో ఫంక్షన్ హాలు డీజే ముందు మీ చిన్న స్పీకర్ చాలదు, అప్పుడు కిందికి దిగిపోవడమే నయం. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 దాటాక పరిమితి 45 డెసిబెల్స్, పగలైతే 55. టెర్రస్ మీద అందరికన్నా ముందు పై అంతస్తు వాళ్లు తలుపు కొడతారు.

ట్యాంక్‌బండ్ మీద ఒకే ఇయర్‌బడ్స్ జత చెరొకటి పెట్టుకుని వినేవాళ్లకి: ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చెయ్యండి. లేదంటే ఎడమ చెవి వాళ్లకి వయొలిన్లు, కుడి చెవి వాళ్లకి తబలా.

ఇంకొక్కటి. మూడు ప్లేలిస్టులే కాకుండా ఆవిడకి ఇష్టమైనవి ఓ పది పాటలు విడిగా డౌన్‌లోడ్ చేసి ఉంచండి. తొమ్మిదింటికి ‘ఇటివ్వు, నేను పెడతా’ అని ఫోన్ లాక్కుంటారు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వెతికితే ఏమీ దొరకదు.