బీహార్ హమాలీల సంగతి, అల్లునికి నాలుగు మాటలు

అల్లుడా,

నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్న. మిల్లు సేటు బీహార్ నుంచి బ్యాచ్‌ను దింపిండు, మనోళ్లకు పని తగ్గింది, సంఘం మీటింగ్ పెట్టి వాళ్లను ఎల్లగొట్టాలని తీర్మానం చేస్తమంటున్నవ్. కోపం అర్థమైతది గని ఆ తీర్మానం పెడితే సేటు ఇంట్ల స్వీట్లు పంచుకుంటడు, ఎందుకంటే మీరు మీరు కొట్టుకున్నన్ని రోజులు రేటు గురించి ఆయన్ని అడిగెటోడు ఉండడు.

ముందుగాల ఒక్క లెక్క తియ్యి. మిల్లోడు కాంట్రాక్టరుకు క్వింటాల్‌కు ఎంత ఇస్తున్నడు, ఆ కాంట్రాక్టరు పిలగాండ్ల చేతిల ఎంత పెడుతున్నడు. నడుమ మాయమైన పైసలు ఎవని జేబుల పోయినయో తెలిస్తె కొట్లాట ఎవనితోనో తెలుస్తది. మీ రేటు కోసింది బస్తా మోసెటోడు కాదుగదా, ఆయనకు మీ రేటు ఎంతనో కూడ తెల్వకపోవచ్చు.

మనం ఏం జేసినం చెప్పు? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన తెలంగాణోళ్ల బతుకును మూడు ముక్కలల్ల చెప్పుకున్నం. ఇక్కడ ఆజంజాహి మిల్లు మూతబడ్డది, అంతకుముందు నుంచే మన పద్మశాలోళ్లు మహారాష్ట్ర భీవండి పవర్‌లూమ్‌లల్ల రాత్రి షిఫ్టులు నడిపిండ్రు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌ల పాస్‌పోర్టు కఫీల్ (పనికి పెట్టుకున్న అక్కడి యజమాని) చేతిల పెట్టి కూసున్నోళ్ల కథ ఒక్కటన్న ఉంటది. అక్కడోళ్లు మనల్ని చూసి ఏమనుకున్నరో, ఇయ్యాల మీరు గా బీహార్ పిలగాండ్లను చూసి అదే అంటున్నరు.

ఇంకోటి గుర్తుకు తెచ్చుకో. 2020 మే 1 నాడు లాక్‌డౌన్‌ల మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే పోయింది, జార్ఖండ్‌ల హటియాకు. వారం తిరగంగనే బీహార్ ఖగడియా నుంచి హమాలీలను ఎక్కించుకొని రైలు లింగంపల్లికే వచ్చింది, ఎందుకంటే యాసంగి వడ్లు వచ్చిపడ్డయి, రైస్ మిల్లులల్ల దింపెటోళ్లు లేరు. అంటే వాళ్లు లేకుంటే మిల్లు నడవదని సర్కారుకు తెలుసు, సేటుకు తెలుసు. మనకే తెల్వది. మిల్లు ముంగట వడ్ల లారీలు లైన్ కట్టినప్పుడు మీరు, వాళ్లు కలిసి ఒక్క పూట చేతులు కట్టుకొని నిలబడితె ఎట్లుంటదో ఆలోచించు. మీరు ఒక్కలే ఆపితె వాళ్లతోని నడిపిస్తడు, వాళ్లు ఒక్కలే ఆపితె మీతోని నడిపిస్తడు.

ఇగ ఎట్ల పోవాలె అంటే, రాత్రి వాళ్లు రొట్టెలు చేసుకునే టైముకు పో. జెండా పట్టుకొని పోకు, పది మందిని వెంటేసుకొని అసలే పోకు. గల్ఫ్‌ల చేసి వచ్చినోన్ని ఒకన్ని తోల్కపో, ఆయన హిందీ మంచిగ పనికొస్తది, పైగా పరాయి దేశంల రూమ్ బతుకు ఎట్లుంటదో ఆయనకు చెప్పనక్కర్లేదు. మొదటిరోజే నోట్‌బుక్ తీసి పేర్లు రాయకు, భయపడతరు. ఊరెక్కడ, పిల్లలు ఎందరు, గివే మాట్లాడు. అడ్వాన్స్ ఎంత తీసుకున్నరో రెండోసారో మూడోసారో వాళ్లే చెప్తరు. వాళ్లను తోల్కొచ్చిన మేస్త్రిని, అదే సర్దార్‌ను తిట్టకు, చానసార్లు ఆయన వాళ్ల ఊరోడే, చుట్టమే అయి ఉంటడు, ఆయన్ని తిడితె అందరు నోరు మూస్తరు.

వట్టి మాటలతోని దోస్తీ కుదరదు, ఏదన్న పనికి రావాలె. ఊర్ల రేషన్ కార్డు ఉంటె ఇక్కడ మన డీలర్ దగ్గర వేలిముద్ర పెట్టి మనిషికి 5 కిలోల లెక్క తీసుకోవచ్చు, డీలర్ కాదంటె తహసీల్దార్ దగ్గరికి నువ్వే వెంటబో. పిల్లలు ఉంటె, ఆరు నుంచి పద్నాలుగేండ్ల లోపటోళ్లకు టీసీ లేకున్నా సర్కారు బడిల చేర్చుకోవాలె, 2009 చట్టం అదే చెప్తది. బస్తా మీదపడి దెబ్బ తగిలితె కాంట్రాక్టరు ఫోన్ స్విచాఫ్ చేస్తడు, గప్పుడు నష్టపరిహారం మిల్లు ఓనర్‌నే అడగొచ్చని వాళ్లకు తెల్వదు, నువ్వు చెప్పు. వలస కార్మికుల పాత 1979 చట్టం ఐదుగురు ఉంటె చాలు వర్తించేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లకు వచ్చిన కొత్త లేబర్ కోడ్ పది మంది ఉండాలంటది. మీ మిల్లుల ఎందరున్నరో లెక్క నీ దగ్గర ఉండాలె, సేటు రిజిస్టర్‌ల తక్కువ రాపిస్తడు.

కొందరు వచ్చి వీళ్లు బంగ్లాదేశోళ్లు, రోహింగ్యాలు అని పుకారు లేపుతరు. నువ్వు ఆధార్ చెక్ చేసే పోలీసోనివి కాకు. నిజంగనే రోహింగ్యాలు అనుకో, హైదరాబాద్ బాలాపూర్ దిక్కు చెత్త ఏరుకొని బతుకుతున్నరు కొందరు, మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలే గనుక వాళ్ల చేతుల ఉన్న ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుకు పెద్దగ బలం లేదు. కూలి ఎగ్గొట్టినా స్టేషన్‌కు పోరు, గందుకే కాంట్రాక్టర్లకు గసొంటోళ్లు కావాలె. చేసిన పనికి కూలి ఇప్పియ్యాలంటె ఆయన ఏ దేశపోడో మనకెందుకు.

2020 మేలనే మన వరంగల్ పక్కన గొర్రెకుంట బావిల తొమ్మిది శవాలు తేలినయి. బెంగాల్, బీహార్, త్రిపుర నుంచి వచ్చినోళ్లు, గన్నీ సంచుల కార్ఖానల పని చేసి బతికినోళ్లు. చంపినోనికి కోర్టు శిక్ష వేసింది, ఆ కేసు వేరే. గని ఏండ్లకేండ్లు మన పక్కన ఉన్న ఆ ఇంటోళ్ల పేర్లు మనల చానమంది పేపర్‌లనే చదివినం.

సంఘం సంగతి. వాళ్లకు వేరే కార్డు, వేరే రసీదు అనకు, మన కార్డే ఇయ్యి. కమిటీల వాళ్లలకెళ్లి ఒకన్ని పెట్టు, మీటింగుల హిందీల కూడ చెప్పు, పది నిమిషాలు ఎక్కువైతది, అయితె కానీ. సేటుతోని రేటు అగ్రిమెంట్ రాసేటప్పుడు "ఎవలు మోసినా ఇదే రేటు" అన్న లైన్ కచ్చితంగ పెట్టియ్యి. మనోళ్లల్ల కొందరు ఎగురుతరు, మా మామ చెప్పిండు అని నా పేరు చెప్పు, తిడితె నన్ను తిట్టనీ.

ఇగ ఇటుక బట్టీలోళ్ల ముచ్చట వేరే, అది తొందరపడే పని కాదు. ఒడిశా బొలంగీర్, నువాపడా నుంచి ఆలుమగలు, పిల్లలతోని దసరా అయినంక వస్తరు, వానలు పడేదాక ఉంటరు, అడ్వాన్స్ తీరేదాక పోనియ్యరు. అట్ల పట్టి ఉంచితె 1976 వెట్టిచాకిరి చట్టం కిందికి వస్తది, ఆర్డీవోకు రాసియ్యాలె, విడుదల సర్టిఫికెట్ రావాలె, వాళ్ల కూలి లెక్క తేలాలె. మీరే ఉరికిపోయి వీడియోలు తీసి వాట్సాప్‌ల పెడితె ఓనర్ రాత్రికి రాత్రి వాళ్లను వేరే బట్టీకి తోలుతడు. ఆడోళ్లకు హిందీ కూడ సరిగ రాదు. సుల్తానాబాద్ దిక్కు ఒరియా వచ్చినోళ్లు ఎవలన్న ఉంటె అడిగి నంబర్ పంపు, ముందు నేను మాట్లాడుత.

మీ మామ,
వరంగల్