నరుకుడు కత్తికి ధర ఎలా కట్టాలి: కత్తులు చేయడం మొదలుపెట్టిన అబ్బాయికి ఒక ఉత్తరం

చిరంజీవికి,

బాబాయ్ ఆశీర్వదించి రాసేది. నువ్వు పంపిన కత్తి ఫొటోలు, గీసిన బొమ్మలు చూశాను. చెయ్యి బాగా కుదురుతోంది. గ్రైండింగ్ గీతలు రెండు వైపులా ఒకేచోట ఆగుతున్నాయి, అది అందరికీ తొందరగా పట్టుబడే పని కాదు. ఇక నువ్వు అడిగిన మాట: "దీనికి ఎంత ధర పెట్టాలి బాబాయ్?"

ఒక అంకె చెప్పి ఊరుకుంటే నీకు మేలు జరగదు. కత్తి ధర అది పూర్తయ్యాక ఆలోచించే సంగతి కాదు. కాగితం మీద గీత గీసేటప్పుడే అందులో సగం తేలిపోతుంది. అందుకే ముందు నీ బొమ్మ గురించి రాసి, తర్వాత డబ్బు దగ్గరికి వస్తాను.

నీ బొమ్మలో వెన్ను (అంచుకి ఎదురు వైపు) మందం మొదటి నుంచి చివరిదాకా 7 మిల్లీమీటర్లు ఉంది. బయట వాడే కత్తి కాబట్టి గట్టిగా ఉండాలనుకుని అలా పెట్టి ఉంటావు. కొంచెం లెక్క చూడు. 28 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఉక్కు పలక 7 మిల్లీమీటర్ల మందంలో దాదాపు 770 గ్రాములు తూగుతుంది. అదే పలక 5 మిల్లీమీటర్లయితే 550 గ్రాములు. పిడి బరువు దీనికి అదనం. కొమ్మ నరికేటప్పుడు పనిచేసేది బరువు ఒక్కటే కాదు, వేగం కూడా. బరువు రెట్టింపైతే దెబ్బలో శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. చెయ్యి చురుగ్గా ఊపలేని కత్తి ఎంత బరువున్నా ఆ లాభం రాదు. పైగా మందపాటి కత్తి కొయ్యలోకి లోతుగా దిగదు, బిగుసుకుని నిలబడిపోతుంది. మణికట్టు పదే పదే తిప్పి ఊడబెరుక్కోవాలి. పదిహేను నిమిషాలు పనిచేసిన మనిషి ఆ కత్తిని పక్కన పెట్టేస్తాడు.

ఆ అదనపు ఉక్కు నీ జేబుకీ చేటే. కొనేటప్పుడు దానికి డబ్బిచ్చావు. మళ్ళీ దాన్ని అరగదీయడానికి బెల్టులు ఖర్చుపెట్టావు, గంటలు పెట్టావు. కొనేవాడి చేతికి బరువు తప్ప ఏమీ ఇవ్వని దానికి మూడుసార్లు ఖర్చు చేశావన్నమాట.

కాబట్టి ముందు ఈ కత్తి దేన్ని నరకాలో ఒక్క వాక్యంలో రాసుకో. గడ్డి, లేత కాడలు, పొదలు అయితే 2, 3 మిల్లీమీటర్ల మందంలో పొడుగ్గా ఉండే మచెటీ చాలు. ఆ పని వేగంతో జరుగుతుంది. మణికట్టు లావు ఉన్న ఎండు కొమ్మలైతే పిడి దగ్గర 5 మిల్లీమీటర్లు ఉండి, మొన వైపు సాగేకొద్దీ 3కి సన్నబడే బ్లేడు కావాలి. పలక మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటే మొన బరువెక్కి మణికట్టుని లాగేస్తుంది. అలా సన్నబరుస్తూ పోతే వెడల్పు ఎక్కడ పెంచాలో నీ చేతిలో ఉంటుంది. నేపాలీల కుక్రీ కత్తిలో వంపు, మలయా వాళ్ళ పరాంగ్ కత్తిలో ముందు భాగం కిందికి వాలడం అందం కోసం పెట్టినవి కావు. దెబ్బ తగిలే చోటికి బరువును చేర్చడానికి, అంచు కొయ్యను సరైన కోణంలో తాకడానికి పెట్టినవి. నీకు ఆ వంపులు నచ్చితే పెట్టు, కాని ఒకటి గుర్తుంచుకో: లోపలికి వంగిన అంచుని చదును బెల్టు మీద గ్రైండ్ చేయలేవు, చక్రం మీద చేయాలి. వాడే మనిషికీ చదును రాయి మీద పదును పెట్టడం కష్టం. ఆ వంపు నీ సమయాన్ని, అతని సమయాన్ని కూడా తింటుంది. దాదాపు తిన్నగా ఉండి, బయటికి కొంచెం పొట్టలా ఉబ్బిన అంచుతో మొదలుపెట్టమని నా మాట.

తూకం బిందువు పిడికి నాలుగైదు సెంటీమీటర్లు ముందు ఉంటే నరకడానికి హాయిగా ఉంటుంది. వేలి మీద నిలబెట్టి చూసి, ప్రతి కత్తికీ ఆ కొలత రాసిపెట్టుకో. ఇంకొకటి, కత్తిని పిడి దగ్గర వదులుగా పట్టుకుని బ్లేడు పొడవునా ఒక దుంగ మీద అక్కడక్కడ తట్టి చూడు. ఒక చోట తట్టినప్పుడు చేతికి అదురు దాదాపు తెలియదు. జనం సహజంగా దెబ్బ వేసే చోటు అదే అయ్యేలా ఆకారం సర్దాలి. ఇంత చిన్న పరీక్షతో మంచి కత్తికీ, చెయ్యి నొప్పెట్టే కత్తికీ తేడా తెలిసిపోతుంది.

అంచు గురించి. వంటింటి కత్తికి పెట్టే సన్నని కోణం ఇక్కడ నిలవదు. ఒక్కో వైపు 20 నుంచి 25 డిగ్రీలు ఉంచి, పక్కలు కొద్దిగా ఉబ్బుగా ఉండేలా తియ్యి. ఉబ్బు అంచు వెనక బలం ఉంటుంది, కొయ్యలో ఇరుక్కోవడం కూడా తగ్గుతుంది. పదును పెట్టకముందు అంచు దగ్గర మందం ఒక మిల్లీమీటరుకు కాస్త లోపు ఉండేలా చూసుకో. మొదటి కత్తితో ఎండిన గట్టి కొయ్యలో ముడి ఉన్న చోట నరుకు. అంచు మడతపడితే మెత్తగా ఉందనో, మరీ సన్నగా తీశావనో అర్థం. పెచ్చు ఊడితే మరీ గట్టిగా ఉంది, లేదా ఉక్కు రేణువు ముతకబారింది.

పిడి మీద ఎక్కువ సమయం పెట్టు. గుండ్రంగా చేయొద్దు, అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. చూడకుండానే అంచు ఎటుందో అరచేతికి తెలియాలి. చివర కిందికి వంగిన ముక్కు ఉండాలి, చెమట పట్టిన చేతిలోంచి కత్తి జారి ఎగిరిపోకుండా అదే ఆపుతుంది. నీ బొమ్మలో పిడి మీద వేళ్ళు ఇమడడానికి పెట్టిన గాడులు తీసెయ్. అవి నీ వేళ్ళకి సరిపోతాయి, కొన్నవాడి వేళ్ళకి సరిపోవు. వాటిని చెక్కడానికి పట్టే సమయమూ మిగులుతుంది. పిడి తొడిగాక గ్లవుజు లేకుండా అరగంట నరుకు. బొబ్బ ఎక్కడ లేస్తుందో అక్కడ ఇంకా అరగదీయాలి. తడికి ఉబ్బని మైకార్టా (గుడ్డ పొరల్ని రెసిన్‌తో బిగించి చేసిన పలక) గాని, బాగా ఆరిన కొయ్య గాని వాడు.

ఇక ఉక్కు. 5160 రకం గాని, 80సీఆర్‌వీ2 రకం గాని తీసుకో. 5160లో కార్బన్ 0.6 శాతం దగ్గర ఉంటుంది, క్రోమియం కొద్దిగా ఉంటుంది. స్ప్రింగులకి వాడే ఉక్కు కాబట్టి దెబ్బ ఓర్చుకుంటుంది. డీ2 అనే ఉక్కు పదును బాగా నిలుపుతుంది, కాని దాంట్లో ఉండే పెద్ద కార్బైడ్ల (చాలా గట్టి రేణువుల) వల్ల నరుకుడు దెబ్బకి పెచ్చులూడే ప్రమాదం ఎక్కువ. పాత బండ్ల స్ప్రింగు పట్టీలు చవగ్గా దొరుకుతాయని రాశావు. అభ్యాసానికి వాడుకో, అమ్మే కత్తికి వద్దు. అది ఏ ఉక్కో కచ్చితంగా తెలియదు, వాడకంలో అలిసి కంటికి కనిపించని పగుళ్ళు ఉండొచ్చు. ఒక్క బ్లేడు హీట్ ట్రీట్‌మెంట్‌లో (కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచే పనిలో) పగిలిందంటే దాని మీద పెట్టిన గంటల విలువ కొత్త ఉక్కు ధరని దాటిపోతుంది.

హీట్ ట్రీట్‌మెంట్‌లో ఎక్కడా తొందరపడకు. కాలుతున్న ఉక్కుకి అయస్కాంతం అంటుకోవడం మానేసేది దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 5160 గట్టిపడడానికి అది చాలదు, 830 దాకా తీసుకెళ్ళి కాసేపు నిలపాలి. నీళ్ళలో ముంచకు, గోరువెచ్చని నూనెలో ముంచు. చల్లారగానే ఆలస్యం చేయకుండా 200 డిగ్రీలు దాటించి రెండేసి గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్ళీ వేడిచేయడం) చెయ్యి. నరుకుడు కత్తికి గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 56, 57 దగ్గర ఉంటే నాకు తృప్తి. పిడిలోకి వెళ్ళే టాంగ్, బ్లేడు కలిసే మూలల్ని ఎప్పుడూ పదునైన మూలలుగా వదలకు, గుండ్రంగా తియ్యి. నరుకుడు కత్తి విరిగితే చాలాసార్లు అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క ఎవరి కాలిలో దిగుతుందో చెప్పలేం.

ఇప్పుడు డబ్బు సంగతి.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, వచ్చే కత్తి నుంచి ప్రతి పనికీ ఎంత సేపు పట్టిందో రాయి. కోత, గ్రైండింగ్, హీట్ ట్రీట్‌మెంట్, పిడి, పదును, ఒర. ఇంతటితో ఆగకు. కొనేవాడితో మాట్లాడిన సమయం, ఫొటోలు తీసిన సమయం, ప్యాకింగ్, పార్శిల్ ఆఫీసుకు వెళ్ళిరావడం కూడా పనే. ఎనిమిది గంటల్లో చేశాననుకున్న కత్తి లెక్క తీస్తే పదకొండు గంటలు అయ్యుంటుంది. ఆ గంటలకి, చేతిపనిలో నిపుణుడికి నీ చుట్టుపక్కల ఇచ్చే కూలి కట్టుకో. నీకు నువ్వు తక్కువ కూలి ఇచ్చుకుంటే అది పొదుపు కాదు, కొన్నాళ్ళకి ఈ పని వదిలేయడానికి దారి.

దాని మీద ఉక్కు, పిడి సామాను, ఒర సామాను వేసుకో. తర్వాత బెల్టులు, గ్యాస్, కరెంటు, అద్దె, యంత్రాల అరుగుదల: నెలకి మొత్తం ఎంతో చూసి, ఆ నెల అమ్మదగ్గ కత్తులు ఎన్ని తయారయ్యాయో వాటి మీద పంచు. అమ్మదగ్గవి అన్నాను, గమనించు. పది మొదలుపెడితే ఒకటి వంకరపోవడమో పగలడమో జరిగితే, ఆ పదో కత్తి ఖర్చు మిగిలిన తొమ్మిది మోయాలి. అంటే ఒక్కోదాని మీద దాదాపు 11 శాతం. ఇదంతా కూడితే వచ్చేది నీ ఖర్చు మాత్రమే. లాభం దీని పైన. కొత్త యంత్రం, పని లేని నెలలు, తిరిగొచ్చిన కత్తిని బాగుచేసి పంపడం, ఇవన్నీ ఆ లాభంలోంచే రావాలి.

ముందుముందు దుకాణాల ద్వారా అమ్మాలనుకుంటే ఇప్పుడే ఆలోచించు. దుకాణం మూడో వంతు తీసుకుంటే, నీ చేతికి 100 రావాలంటే అక్కడి ధర 150 ఉండాలి. నువ్వు నేరుగా 100కి అమ్ముతూ ఉంటే ఏ దుకాణమూ నీ కత్తి పెట్టుకోదు.

"ఫ్యాక్టరీ మచెటీ ఇందులో పదో వంతుకి వస్తుంది కదా" అని కొందరు అంటారు. కాదనకు. రేకు మీద అచ్చుతో కోసి వేలల్లో తీసేదాంతో ధరలో పోటీ పడలేవు, పడాల్సిన పనీ లేదు. ఆ మనిషి అవసరం దాంతో తీరితే అదే కొనుక్కోమను. నీ దగ్గరికి రావాల్సినవాడు వేరే.

ఇంత లెక్క కట్టాక వచ్చిన అంకె చూసి నీకు టెన్షన్ పుడుతుంది. ఇంత ఎవరిస్తారని అంకె కోయబోతావు. కోసిన అంకె దేన్ని తింటుందో చూడు. పాలిష్ తగ్గితే కొనేవాడు చూడగానే అడుగుతాడు, ఒర కుట్టు వంకరైతే అడుగుతాడు. రెండో టెంపరింగ్ మానేస్తే అడగలేడు. పరీక్ష కోసం ఒక కత్తిని విరవకపోతే అడగలేడు. డబ్బు చాలనప్పుడు చేతులు తెలియకుండానే కనిపించని చోట తగ్గిస్తాయి. ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్నది: ధర తగ్గించాలంటే కంటికి కనిపించే పనిలోనే తగ్గించు.

అలా తగ్గించడానికి నీ బొమ్మలో బోలెడు చోటుంది. అద్దంలాంటి పాలిష్ ఎందుకు? మొదటి కొమ్మకే గీతలు పడుతుంది. బెల్టు ఫినిషింగ్ శుభ్రంగా ఉంటే చాలు, చేత్తో కాగితం రుద్దే గంటలన్నీ మిగులుతాయి. వెన్ను మీద చెక్కిన గంట్లు తీసెయ్, నరికేటప్పుడు బొటనవేలు అక్కడ ఉండదు. ఒకేసారి ఐదు కత్తులు ఒకే నమూనాతో కోయి. బెల్టు మార్చే పని, కొలిమి వేడెక్కే సమయం ఐదింటికీ పంచుకుంటాయి. రెండు రకాలు అమ్మాలనిపిస్తే ఒకటి మామూలు ఫినిషింగు, కైడెక్స్ ప్లాస్టిక్ ఒర. రెండోది మంచి కొయ్య పిడి, తోలు ఒర. ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్, అంచు మాత్రం రెండింటికీ ఒకటే.

కొత్త నమూనా అమ్మే ముందు ఒకదాన్ని పాడుచేసి చూడటం ఖర్చనుకోకు. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ వాళ్ళు జర్నీమన్ హోదాకి (మాస్టర్‌కి ముందు మెట్టుకి) పెట్టే పరీక్షలో ఒకే కత్తి వేలాడే అంగుళం తాడుని ఒక్క వేటుకి తెంచాలి, రెండంగుళాలు, నాలుగంగుళాల కలప బద్దని రెండుసార్లు పూర్తిగా తెగేలా నరకాలి, ఆ తర్వాత కూడా వెంట్రుకలు గొరగాలి, చివరికి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. ఆ కత్తి మళ్ళీ పనికిరాదు. దాని ఖర్చుని ఆ నమూనాలో అమ్మే కత్తులన్నిటి మీదా పంచు.

నీ దగ్గర ఇప్పటికే ఒప్పుకున్న మూడు ఆర్డర్లు ఉన్నాయి. ఇచ్చిన మాట ప్రకారం పాత ధరకే చేసి పంపు, వాటి మీద ఒక్క రూపాయి పెంచకు. కొత్త ధర నాలుగో మనిషి నుంచి. అతనికి కూడా ఏడాది తర్వాత ఇచ్చే కత్తికి ఇవాళే ధర ఖాయం చేయకు, ఉక్కు ధర మారుతుంది, నీ చెయ్యీ మారుతుంది. అతని వంతు వచ్చినప్పుడు ధర చెబుతానను. నీ నమూనా కానిదేదైనా అడిగితే సామాను డబ్బు ముందే తీసుకో. స్నేహితులకి తగ్గించాలనిపిస్తే ధర తగ్గించకు, జీవితాంతం పదును ఉచితంగా పెట్టిస్తానని చెప్పు.

5 మిల్లీమీటర్ల పలకతో, వేళ్ళ గాడులు లేకుండా బొమ్మ మళ్ళీ గీసి పంపు. పక్కన మొత్తం బరువు, తూకం బిందువు, ఒక్కో పనికి పట్టిన గంటలు రాయి. అవి చూశాక అంకె దగ్గర కూర్చుందాం.

ఆశీస్సులతో,
మీ బాబాయ్