పాంక్రియాస్ వాపు మీద మొక్క సారం ప్రాజెక్టు... తీసుకోవచ్చా?

ప్రశ్న: ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చదువుతున్నాను. ఒక ఔషధ మొక్క సారం పాంక్రియాటైటిస్‌ను తగ్గిస్తుందేమో ఎలుకల మీద చూసే ప్రాజెక్టు ఇస్తామంటున్నారు మా గైడ్. ఇలాంటివి బోలెడు వచ్చేశాయని సీనియర్లు అంటున్నారు. పైగా ఎలుకను పట్టుకోవాలంటేనే నాకు భయం. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: తీసుకోండి. కానీ ఒప్పుకునే ముందు గైడ్‌ను ఒక్కటి అడగండి, సారం ఇచ్చేది జబ్బు తెప్పించకముందా, తెప్పించాకా? చాలా ప్రాజెక్టుల్లో వారం ముందు నుంచే సారం తాగించి, తర్వాత పాంక్రియాస్‌ను అతిగా ప్రేరేపించే సెరులిన్ ఇంజెక్షన్లు గంటకొకటి చొప్పున చేసి వాపు తెప్పించి, రక్తంలో అమైలేజ్ (పాంక్రియాస్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) తగ్గిందని రాసేస్తారు. మనిషి మాత్రం ఆసుపత్రికి వచ్చేది కడుపునొప్పి మొదలయ్యాకే కదా! (ఎండోస్కోప్‌తో పిత్త, పాంక్రియాస్ నాళాలను చూసే ఈఆర్‌సీపీ చేసేటప్పుడు వాపు రాకుండా ముందే మందు ఇస్తారు, ఆ సందర్భం వేరు.) సీనియర్లు బోలెడు వచ్చాయన్నది ఇలాంటివాటి గురించే, మొక్క పేరు మారుతుంది, మిగతాదంతా అదే.

జబ్బు వచ్చాక ఇస్తే పని కష్టమవుతుంది, ఎందుకంటే సెరులిన్‌తో వచ్చే వాపు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది, అమైలేజ్ కూడా త్వరగానే దిగిపోతుంది, కాబట్టి సారం లేకుండా వట్టి ద్రావకం ఇచ్చిన గ్రూపుతో అదే గంటకు పోల్చకపోతే మీ లెక్కకు విలువ ఉండదు. అందుకే మైక్రోస్కోపు కింద పాంక్రియాస్ స్లైడ్లు చదవడం నేర్చుకోండి. నీరు చేరి లోబుల్స్ (పాంక్రియాస్‌లోని చిన్న చిన్న భాగాలు) మధ్య సందులు వెడల్పవడం, కణాల్లో బుడగల్లాంటి ఖాళీలు, లోపలికి వచ్చి చేరిన న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, వీటికి స్కోరు వేసేవాళ్లకు అది ఏ గ్రూపు స్లైడో తెలియకూడదు. ఇక సారం సంగతి. ఏ మొక్కో గుర్తింపు చేయించి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) నమూనా పెట్టండి, సారంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో కనీసం ఒక మార్కర్ (గుర్తుగా ఎంచుకున్న రసాయనం) ఎంతుందో కొలవండి, లేదంటే రేపు మీరే మళ్లీ చేసినా అదే ఫలితం వస్తుందన్న నమ్మకం ఉండదు.

భయం గురించి టెన్షన్ పడకండి. కొన్ని రోజులు ఇంజెక్షన్ ఊసెత్తకుండా ఊరికే చేతిలోకి తీసుకోండి, దాని గుండె దడ మీ వేళ్లకు తెలుస్తుంది, మీ చెయ్యి వణికితే అది ఇంకా బెదురుతుంది. ఈ జబ్బు చాలా నొప్పి పెడుతుంది, కాబట్టి నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారో ప్రోటోకాల్‌లో ఉందో లేదో చూడండి. జంతువుల బాధ, సంఖ్య తగ్గించాలని శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ 1959లోనే రాశారు. ఎంత ప్రయత్నించినా మనసు ఒప్పకపోతే అందులో తప్పేమీ లేదు, ల్యాబులో పెంచే ఎలుక పాంక్రియాస్ కణాలైన ఏఆర్42జే మీద చేసే పని అడగండి.

ఉద్యోగం అంటారా, ప్రీక్లినికల్ ల్యాబుల్లో (మనుషుల కంటే ముందు మందులు పరీక్షించే చోట్ల), టాక్సికాలజీలో, మెడికల్ రైటింగ్‌లో మొక్క పేరుతో పెద్దగా పని ఉండదు. ఈ డోసే ఎందుకు, గ్రూపుకు ఇన్ని ఎలుకలే ఎందుకు, గ్రూపులుగా ఎలా విడదీశారు అని అడుగుతారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ప్రాజెక్టు మీకు పనికొచ్చినట్టే, ఫలితం నెగెటివ్ వచ్చినా సరే.

ప్లాన్ మొత్తం మార్చడానికి గైడ్ ఒప్పుకోకపోతే, కనీసం ఒక గ్రూపుకైనా వాపు వచ్చాక సారం మొదలుపెడదామని అడిగి చూడండి. దానికి తోడుగా కంట్రోల్ గ్రూపు కూడా కావాలి, ఎలుకల సంఖ్య పెరుగుతుంది, అందుకని ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు వెళ్లకముందే ఈ మాట తేల్చుకోండి.