ఎగువా దిగువా తెలియని సైకిలు యాత్రకు జవాబు

చిరంజీవికి,

ఆశీస్సులు. వాషింగ్టన్‌లో పాత రైలుకట్ట మీదా, రాక్ క్రీక్ పార్కులోనూ చుట్టు తిరిగి వచ్చిన నీ సైకిలు యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను. ప్రకృతి ఒడి, పచ్చని తివాచీ, పక్షుల కిలకిలారావాలు వగైరాలను ఓర్చుకున్నాను గాని, రెండో పేజీలో ‘ఏ శ్రమా తెలియకుండా దారి తనంతట తానే నన్ను తీసుకువెళ్లింది’ అన్న వాక్యం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పెట్టేశాను. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం వల్లనే రాస్తున్నాను.

అమ్మా, ఏ దారీ తనంతట తాను ఎవరినీ తీసుకువెళ్లదు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ పేట పొటోమాక్ నది ఒడ్డున ఉంది, నగరం పక్కనున్న బెథెస్డా మిట్ట మీద ఉంది. ఆ రెంటి మధ్య పాత రైలుకట్ట మీద వేసిన ఏడు మైళ్ల బాట, క్యాపిటల్ క్రెసెంట్ ట్రైల్, నదిని వదిలి మిట్టకు ఎక్కే దారి. ఆ ఎక్కుడు నీకు తెలియలేదంటే, తెలియకుండా ఉండాలని ఎవరో గుట్టలు తొలిచి, పల్లాలు పూడ్చి కట్ట పోశారన్నమాట. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ కనుక, బొగ్గు నింపుకున్న బండి నిటారు వాలు ఎక్కలేదు. అందుకే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వాళ్లు ఆ కొమ్మలైనును మెల్లని వాలుతో వేశారు. 1892లో మొదలుపెట్టిన ఆ పని 1910 దాకా పూర్తి కాలేదు. ప్రభుత్వ భవనాలకు వెచ్చదనం పంపే జార్జ్‌టౌన్ బాయిలర్లకు ఆ కట్ట మీదుగానే బొగ్గు వచ్చేది. 1985లో ఆఖరి బండి వెళ్లింది. నీ మోకాళ్లకు నొప్పి లేకపోవడానికి కారణం ఇది, ప్రకృతి ఒడి కాదు.

రాక్ క్రీక్ వైపు సంగతి పూర్తిగా వేరు. అక్కడ వాలును నిర్ణయించింది వాగు. అది ఎక్కడ వంగితే దారి అక్కడ వంగుతుంది, చివరికి జార్జ్‌టౌన్ దగ్గర వాగు పొటోమాక్‌లో కలుస్తుంది. కనుక రైలుకట్ట మీద ఎక్కి వాగు వెంట దిగినవారి యాత్ర ఒకటి, వాగుకు ఎదురు తొక్కి రైలుకట్ట మీద జారుకుంటూ వచ్చినవారి యాత్ర మరొకటి. నువ్వు పన్నెండు పేజీలు రాసి, ఏ వైపు నుంచి తిరిగావో చెప్పలేదు! యాత్రావ్యాసానికి మొట్టమొదట కావలసింది ఎగువ ఏది, దిగువ ఏది అన్న ఎరుక. తక్కినవన్నీ ఆ తరవాతే.

ఈ చాదస్తం నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన రైల్వేలో కీమాన్. రోజూ తన వంతు లైను పొడవునా నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప తాళాల్లో వదులైనవాటిని సుత్తితో బిగించి రావడం ఆయన ఉద్యోగం. పట్టాల పక్కన ఒక స్తంభానికి రెండు చేతుల్లాగా పలకలు ఉంటాయి. ఒక్కో పలక ఆ వైపు లైను ఎక్కుతుందో దిగుతుందో వంపుతో చూపిస్తుంది, దాని మీద వాలు అంకె ఉంటుంది. వర్ణమాల కంటే ముందు నాకు ఆయన నేర్పింది ఆ పలకలు చదవడం. పెద్దయ్యాక ఆయన నడక మీద ఒక వ్యాసం రాసి వారపత్రికకు పంపితే, సంపాదకుడుగారు తాళాలూ సుత్తీ వాలు పలకలూ కొట్టేసి, సూర్యోదయం పేరా ఒక్కటే ఉంచి, ‘అనుభూతి బాగుంది, సాంకేతిక వివరాలు తగ్గించండి’ అని కార్డు ముక్క రాశారు. మా నాన్నగారు అచ్చులో తనను తాను వెతుక్కుని, ‘ఇందులో నేనెక్కడున్నానురా?’ అన్నారు. ఆ అనుభూతి జబ్బు ఇప్పటికీ మన పత్రికలను వదల్లేదు, నీ వ్యాసానికీ అదే అంటుకుంది.

నీ వ్యాసంలో నాకు నచ్చిన చోటు ఆరిజోనా అవెన్యూ దగ్గరి ఇనుప వంతెన. కింద కాలువనూ, దాని పక్కన రోడ్డునూ చూసి ‘ఒకదాని మీద ఒకటి మూడు కాలాలు’ అన్నావు. బాగుంది, కాని అంతలోనే ఒక కొంగను పట్టుకుని వెళ్లిపోయావు. ఆ కాలువ చెసపీక్ అండ్ ఒహాయో కాలువ. దాని పనీ, నువ్వు నిలబడిన వంతెన కట్టిన రైలు కంపెనీ మొదటి లైను పనీ ఒకే రోజున, 1828 జులై 4న మొదలయ్యాయి. పడమటి సరుకు కోసం రెండూ పోటీపడ్డాయి, రైలు గెలిచింది, 1924లో కాలువ మీద పడవలు ఆగిపోయాయి. గెలిచిన కంపెనీ కొమ్మలైనూ చివరికి ఆగిపోయి, నీ సైకిలుకు బాట అయింది. ఇంత కథ నీ కాళ్ల కింద ఉండగా కొంగ ఎందుకమ్మా?

ఆ కాలువ గట్టు మీద హైవే వేయాలన్న ఆలోచనను వాషింగ్టన్ పోస్ట్ సమర్థించినప్పుడు, 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ ఆ పత్రికకు ఉత్తరం రాసి, సంపాదకీయం రాసినవారిని తనతో ఆ గట్టు వెంట నడవమని పిలిచారు. వాళ్లు వచ్చారు, నడిచారు, తమ అభిప్రాయం మార్చుకున్నారు. కాళ్లు నొప్పెట్టాక మాట మార్చుకునే సంపాదకులు అక్కడ ఉన్నారు, నాకు మాత్రం దొరకలేదు.

రాక్ క్రీక్ పార్కులోని రోడ్డు, బీచ్ డ్రైవ్, మీది నిశ్శబ్దాన్ని ‘అడవి వరం’ అన్నావు. అక్కడ 1972 నుంచి వారాంతాల్లో కార్లు ఆపేవారు. 2020 ఏప్రిల్‌లో ఎగువ భాగంలో పూర్తిగా ఆపారు, 2022లో దాన్ని శాశ్వతం చేశారు. ఆ వరం ఇచ్చినవాళ్లు అడ్డుగేట్లు పెట్టినవాళ్లు. బెథెస్డా నుంచి సిల్వర్ స్ప్రింగ్ వైపు బాటను 2017లో మూసేశారని కోపంతో రాశావు. కోపం ఉండనీ, అది నాకూ ఉంది, ఆ చెట్ల నీడ నేనూ పోగొట్టుకున్నాను. అయితే 1988లో అక్కడి స్థానిక ప్రభుత్వమైన కౌంటీ ఆ పాత రైలుకట్టను కొన్నప్పుడే బాటతో పాటు రైలు ఆలోచన కూడా ఉంది. పర్పుల్ లైను అనే కొత్త నగర రైలు పట్టాలు వేసింది పాత పట్టాల చోటే. ఇది చెప్పకుండా తిడితే, చదివేవాడు నీకు సగమే తెలుసని అనుకుంటాడు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. నీ ఇష్టం. ఏ పత్రికకు పంపాలో మాత్రం నన్ను అడగకు. ఈ వారంలో మళ్లీ ఆ చుట్టు తిరుగు, ఈసారి వాగుకు ఎదురు, అంటే జార్జ్‌టౌన్ నుంచి పీర్స్ మిల్లు మీదుగా పైకి తొక్కు. ఎక్కడ గేరు మార్చావో చీటీ మీద రాసుకో. తిరగరాసిన వ్యాసం నాకు పెద్ద అక్షరాల్లో, కాగితం మీద పంపు. ఫోను తెరలో పన్నెండు పేజీలు చదవడం నా కళ్లకు చేతకాదు.

శుభాకాంక్షలతో.