మైత్రికి వెళ్లబోయే రావులపాలెం తమ్ముడికి

తమ్ముడూ, అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో శీతాకాలం గడిపే బృందానికి ఎంపికయ్యావు, కోనసీమ ఉక్కపోతలో పెరిగినవాణ్ణి అక్కడ ఆగగలనా అని టెన్షన్ పడుతున్నావు. చలి గురించి అంత బెంగ వద్దు. గదులు వెచ్చగానే ఉంటాయి, బయట వేసుకునే బట్టలు వాళ్లే ఇస్తారు, బయల్దేరే ముందు ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీలో మంచు శిక్షణ కూడా ఉంటుంది.

అసలు ఇబ్బంది పొడిగాలి. వానాకాలం మన ఇళ్లలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది. అక్కడేమో పెదాలు పగులుతాయి, ముక్కు లోపల ఎండి రక్తం వస్తుంది, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతుంది. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతూ ఉండు. వాజిలైన్ జేబులో ఉంచుకో.

తర్వాత నిద్ర. అక్కడి కాలాలు మనకి తలకిందులు. నడివేసవిలో పొద్దు గుంకదు, నడిశీతాకాలంలో సుమారు రెండు నెలలు పొద్దు పొడవదు. ఇక్కడ నారుమళ్లు పోసే జూన్‌లో అక్కడ చీకటే. ఇంటినుంచి పొలం ఫొటోలు వస్తే గుబులు పుడుతుందిలే. ఏమైనా సరే రోజూ ఒకే వేళకి లే, అందరితో కలిసి తిను. గదిలో ఒక్కడివే కూర్చోకు. ఉల్లిపాయలు కోసే సాయానికైనా వంటగదికి వెళ్లు, కబుర్లన్నీ అక్కడే.

సామాను సర్దేముందు బూట్ల అడుగు, బ్యాగు జిప్పులు, జేబు మూలలు బ్రష్షుతో దులుపు. మన చేల మట్టి గానీ గడ్డిగింజ గానీ అక్కడికి వెళ్లకూడదు, నిబంధన గట్టిది. ఆవకాయ సంగతి గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్లని ముందే అడుగు. పన్ను సలుపుతుంటే మాత్రం ఇక్కడే చూపించుకో. శీతాకాలం మధ్యలో వెనక్కి రావడానికి మామూలుగా ఓడా ఉండదు, విమానమూ ఉండదు.