మొదటి వీడియోగేమ్ ఏది కొనాలి?

థాంక్స్‌గివింగ్ సేల్ దగ్గర పడిందంటే అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తప్పకుండా అడిగేది ఒకటుంది: "అక్కా, ఏ గేమ్ కొనమంటారు? మా ఇద్దరికీ బొత్తిగా అలవాటు లేదు." సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఊళ్ళో, హెచ్4 (ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఇంట్లో కూర్చున్న మనిషికి ఈ సందేహం రావడం సహజమే.

బొమ్మలు బాగున్నాయనో, అవార్డులొచ్చాయనో చూసి కొనకండి. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేముల్లో నాలుగు బాణాలు, రెండు బటన్లు ఉండేవి. మారియో కుడివైపు పరిగెత్తేవాడు, అంతే. ఇప్పటి పెద్ద గేముల్లో ఎడమ బొటనవేలితో మనిషిని నడపాలి, కుడి బొటనవేలితో కెమెరా, అంటే తెర మీద మనం చూసే వైపు, తిప్పాలి, అదీ ఒకేసారి. కొత్తవాళ్ళు నాలుగడుగులు వేసి ఆగుతారు, కెమెరా తిప్పబోయి ఆకాశం చూస్తారు, మళ్ళీ నడిచి గోడకి గుద్దుకుంటారు. పావుగంటకే విసుగొచ్చి రిమోట్ పక్కన పడేస్తారు. అందుకే మొదటి గేమ్‌లో కెమెరా సంగతి గేమే చూసుకోవాలి.

ఆ లెక్కన నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ మీద మారియో కార్ట్ 8 డీలక్స్ అనే బండి పందేల ఆటతో మొదలుపెట్టమంటాను. స్మార్ట్ స్టీరింగ్ ఆన్ చేస్తే బండి రోడ్డు దిగదు, ఆటో యాక్సిలరేట్ పెడితే బటన్ నొక్కి పట్టుకునే పనీ లేదు. ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్విచ్ స్పోర్ట్స్‌లో బౌలింగ్ పెట్టండి. చెయ్యి ఊపడమే కదా, ఎవరికైనా వచ్చేస్తుంది. కాకపోతే రిమోట్‌కుండే మణికట్టు తాడు తగిలించుకోమనండి, లేకపోతే టీవీకి గండం.

పోటీ నచ్చనివాళ్ళకి స్టార్డ్యూ వ్యాలీ. 2016లో ఒక్క మనిషే తయారుచేసిన వ్యవసాయం ఆట. నాలుగు రోజుల్లో పంట కోతకొస్తుంటే మా మామగారు పక్కన కూర్చుని చూసి, "ఏం ఎరువు వేశావమ్మా?" అన్నారు. ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేవారు.

దంపతులు కలిసి ఆడేది కావాలంటే అందరూ ఇట్ టేక్స్ టూ పేరు చెబుతారు. మంచి గేమే, కానీ రెండు బొటనవేళ్ళూ కుదిరాకే కొనండి. అందులో కథ విడాకులకు సిద్ధపడ్డ జంటది, కొత్త పెళ్ళివాళ్ళు శకునం చూసుకుంటే నన్ననకండి!

చవగ్గా వస్తోందని స్విచ్ లైట్ అనే చిన్న మోడల్ తీసుకోకండి, దాన్ని టీవీకి కలపడం కుదరదు. గేములు డౌన్‌లోడ్ కంటే కార్డు రూపంలో కొనడం మేలు, నచ్చకపోతే అమ్మేయొచ్చు. చాలా ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీ కార్డు మీద గేములు ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ అడగండి.

పిల్లలుంటే డబ్బా మూల ఉన్న అక్షరం చూడండి. 'ఇ' అంటే అందరికీ, 'టి' అంటే 13 దాటినవాళ్ళకి, 'ఎమ్' అంటే 17 దాటినవాళ్ళకి. క్లాసులో అందరూ ఆడుతున్నారని మీవాడు నేరాలూ కాల్పులూ ఉండే జీటీఏ గేమ్ అడిగితే, దాని మీద ఉండేది 'ఎమ్'. ఫోర్ట్‌నైట్ లాంటివి ఫ్రీయే, డబ్బంతా లోపల డ్రెస్సులకీ డాన్సులకీ పోతుంది. పిల్లల అకౌంట్‌లో మీ క్రెడిట్ కార్డు పెట్టకుండా గిఫ్ట్ కార్డు కొనివ్వండి.